సగం ఆట క్యాలెండర్‌లోనే

2021 జులై 24. టోక్యో ఒలింపిక్స్‌లో పురుషుల డబుల్స్ బ్యాడ్మింటన్ గ్రూప్ మ్యాచ్. ఒక పక్క అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి, అతని జోడీ ముంబయి ఆటగాడు చిరాగ్ శెట్టి. అవతల తైవాన్ జోడీ లీ యాంగ్, వాంగ్ చీ లిన్. చెరో గేమ్ గెలిచాక మూడో గేమ్ 27-25 దాకా సాగింది. మ్యాచ్ మనవాళ్లదైంది. సరిగ్గా వారం తర్వాత అదే తైవాన్ జోడీ ఫైనల్లో చైనా జోడీని ఓడించి బంగారు పతకం అందుకుంది. అప్పటికి సాత్విక్, చిరాగ్‌ల ఒలింపిక్స్ ముగిసి నాలుగు రోజులైంది.

ఛాంపియన్లను ఓడించినవాళ్లు క్వార్టర్‌ఫైనల్‌కు కూడా ఎందుకు చేరలేదు? వాళ్ల గ్రూపులో నాలుగు జోడీలున్నాయి. మొదటి రెండు స్థానాల్లో నిలిచినవాళ్లే ముందుకు వెళ్తారు. తైవాన్ మీద గెలిచిన మనవాళ్లు, అప్పటి ప్రపంచ నంబర్‌వన్ జోడీ అయిన ఇండోనేషియా ఆటగాళ్లు గిడియోన్, సుకముల్జోల చేతిలో వరుస గేమ్‌లలో ఓడారు. తర్వాత బ్రిటన్ జోడీని ఓడించారు. మూడింట రెండు విజయాలు. ఇండోనేషియాకూ రెండే, తైవాన్‌కూ రెండే. అప్పుడు గేమ్‌ల తేడా చూశారు. ఇండోనేషియా ఐదు గేమ్‌లు గెలిచి రెండు ఓడింది. తైవాన్ ఐదు గెలిచి మూడు ఓడింది. మనవాళ్లు నాలుగు గెలిచి మూడు ఓడారు. ఒకే ఒక్క గేమ్ తేడాతో ఇంటిదారి పట్టారు.

అదే జోడీ మరో గ్రూపులో ఉండి, కాస్త తేలికైన ప్రత్యర్థుల మీద రెండు మ్యాచ్‌లు గెలిచి ఉంటే క్వార్టర్స్ ఆడేది. ఎన్ని గెలిచాం అన్నది ఆటలో సగమే. ఎవరి మీద, ఏ టోర్నీలో, ఏడాదిలో ఏ సమయంలో గెలిచాం అన్నది మిగతా సగం. టీవీలో స్మాష్ చూసి చప్పట్లు కొట్టే మనకు ఈ రెండో సగం కనిపించదు. ఆటగాడి జీవితం మాత్రం చాలావరకు దానిమీదే నడుస్తుంది.

ఈ విషయం మీద అమెరికావాళ్లు తెగ వాదించుకుంటారు. అక్కడి కాలేజీ ఫుట్‌బాల్‌కు, అంటే కోడిగుడ్డు ఆకారపు బంతితో ఆడే వాళ్ల ఫుట్‌బాల్‌కు, ఒక విచిత్రమైన ఏర్పాటు ఉంది. వందకు పైగా పెద్ద కాలేజీ జట్లున్నాయి. అవన్నీ ఒకదానితో ఒకటి ఆడటం సాధ్యం కాదు. అందుకే కొన్ని కాలేజీలు కలిసి ఒక కూటమిగా ఏర్పడతాయి. దాన్ని కాన్ఫరెన్స్ అంటారు. సీజన్‌లో ఒక్కో జట్టు సాధారణంగా ఆడే 12 మ్యాచ్‌లలో ఎనిమిదో తొమ్మిదో సొంత కూటమిలోనివే. మిగిలిన మూడు నాలుగు మ్యాచ్‌లు ఎవరితో ఆడాలో కాలేజీ ఇష్టం. ఏళ్ల ముందే ఒప్పందాలు రాసుకుంటారు.

ఆ మూడు నాలుగు మ్యాచ్‌ల దగ్గరే అసలు కథ. గెలుపు ఖాయమనుకునే చిన్న కాలేజీని సొంత స్టేడియానికి పిలిచి, అందుకు డబ్బు చెల్లించి ఆడించడం అక్కడ మామూలు. చిన్న కాలేజీకి ఖర్చులు గడుస్తాయి, పెద్ద కాలేజీ ఖాతాలో ఒక గెలుపు పడుతుంది. ఎప్పుడో ఒకసారి లెక్క తప్పుతుంది. 2007 సెప్టెంబరు 1న దేశంలో ఐదో ర్యాంకులో ఉన్న మిషిగన్ విశ్వవిద్యాలయం, లక్షకు పైగా జనం పట్టే తన సొంత మైదానంలో, కింది డివిజన్‌కు చెందిన అపలాచియన్ స్టేట్ చేతిలో 34-32తో ఓడిపోయింది. ఆ ఓటమిని అమెరికావాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

తేలిక మ్యాచ్‌లు అన్నీ గెలిచినా చిక్కే. డాలస్ నుంచి ఆస్టిన్‌కు కారులో వెళ్లే మన తెలుగు కుటుంబాలకు దారిలో తగిలే వేకో పట్టణం తెలిసే ఉంటుంది. అక్కడి బేలర్ విశ్వవిద్యాలయం 2014లో 12 మ్యాచ్‌లకు 11 గెలిచింది. తన కూటమిలో మరో గట్టి జట్టయిన టీసీయూను 61-58తో ఓడించింది కూడా. అయినా జాతీయ టైటిల్ కోసం ఆడటానికి అప్పట్లో ఒక కమిటీ ఎంపిక చేసే నాలుగు జట్లలో దానికి చోటు దక్కలేదు, ఐదో స్థానంలో ఆగిపోయింది. నాలుగో చోటు ఒహాయో స్టేట్‌కు వెళ్లింది. కూటమి బయట బేలర్ ఎంచుకున్న మూడు జట్లూ బలహీనమైనవి. వాటిలో ఒకటైన ఎస్ఎంయూ ఆ ఏడాది మొత్తం మీద గెలిచింది ఒక్క మ్యాచే. ఎంపిక కమిటీ ముందు బేలర్‌కు ఉన్న లోటు ఇదొక్కటే అనలేం, ఆ కూటమికి అప్పట్లో ఫైనల్ మ్యాచ్ లేకపోవడం కూడా దెబ్బ తీసింది. కానీ ఆ మూడు తేలిక మ్యాచ్‌ల సంగతి ప్రతి చర్చలోనూ దాని మెడకు చుట్టుకుంది. ఒహాయో స్టేట్ ఆ ఏడాది ఛాంపియన్ అయింది.

అమెరికా ఫుట్‌బాల్ మన పిల్లలు ఆడరు. కానీ షటిల్ ఆడతారు. కోనసీమలో పుట్టిన ఇద్దరు ఆ ఆటలో ప్రపంచ నంబర్‌వన్ స్థానం దాకా వెళ్లారు. ఒకరు అమలాపురం సాత్విక్, మరొకరు రావులపాలెంలో పుట్టిన కిదాంబి శ్రీకాంత్. ఎవరితో ఆడాలి, ఎప్పుడు ఆడాలి అన్న లెక్క మనిషిని ఎంత ఎత్తుకు తీసుకెళ్లగలదో, ఎక్కడ ఆపేయగలదో ఈ ఇద్దరి జీవితాలు చూస్తే తెలుస్తుంది.

ముందు ఈ ఆటలో ర్యాంకు ఎలా వస్తుందో చూద్దాం. ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య గడిచిన 52 వారాల్లో ఆటగాడు ఆడిన టోర్నీలలో ఎక్కువ పాయింట్లు తెచ్చిన పదింటిని తీసుకుని కలుపుతుంది. టోర్నీలన్నీ ఒక మెట్టు మీద ఉండవు. అడుగున ఫ్యూచర్ సిరీస్, దాని మీద ఇంటర్నేషనల్ సిరీస్, ఇంటర్నేషనల్ ఛాలెంజ్, ఆపైన సూపర్ 100, 300, 500, 750. వీటన్నిటికీ పైన సూపర్ 1000. 2018లో వరల్డ్ టూర్ మొదలైనప్పటి పట్టిక ప్రకారం సూపర్ 1000 గెలిస్తే 12,000 పాయింట్లు, సూపర్ 100 గెలిస్తే 5,500, ఇంటర్నేషనల్ సిరీస్ గెలిస్తే 2,500.

ఆ పట్టికలో ఒక్క సంగతి మీద మనసు పెట్టాలి. ఇంటర్నేషనల్ సిరీస్ స్థాయి టోర్నీలో అందరినీ ఓడించి కప్పు ఎత్తిన జోడీకి 2,500 వస్తాయి. సూపర్ 1000 టోర్నీలో తొలి మ్యాచ్‌లోనే ఓడి పెట్టె సర్దుకున్న జోడీకి 3,000 వస్తాయి. సూపర్ 100 విజేత కన్నా సూపర్ 1000లో క్వార్టర్స్ దాకా వెళ్లి ఓడినవాళ్లకే ఎక్కువ, 6,600.

అన్యాయం అనిపించవచ్చు. దీనికో కారణం ఉంది. సూపర్ 1000 తొలి రౌండ్లో ఎదురయ్యేవాళ్లంతా ప్రపంచంలో మొదటి ముప్పై నలభై ర్యాంకుల చుట్టుపక్కలవాళ్లు. అక్కడ ఆడే అర్హత సంపాదించడమే ఒక గెలుపు. అయితే చిక్కు కూడా అక్కడే ఉంది. పెద్ద టోర్నీలో చోటు ర్యాంకును బట్టి ఇస్తారు. ర్యాంకు కావాలంటే పెద్ద టోర్నీ ఆడాలి. లోపల ఉన్నవాడికి ఓడినా పాయింట్లు వస్తాయి, బయట ఉన్నవాడు గెలిచినా వెనకే ఉంటాడు. చిన్న ఊళ్ల నుంచి వచ్చే పిల్లలకు ఈ గడప దాటడమే అన్నిటికన్నా కష్టం.

సాత్విక్ ఆ గడప ఎలా దాటాడు?

2000 ఆగస్టు 13న పుట్టిన అతనికి ఆట ఇంట్లోనే అబ్బింది. తండ్రి వ్యాయామ ఉపాధ్యాయుడు. 2014లో హైదరాబాద్‌లో పుల్లెల గోపీచంద్ అకాడమీలో చేరాడు. 2016లో మలేషియా కోచ్ టాన్ కిమ్ హెర్ అతన్ని చిరాగ్‌తో జత చేశాడు. ఇద్దరూ కోర్టు వెనక నుంచి బాదే రకమే. ఇద్దరూ పొడగరులే. అలాంటివాళ్లను కలపడం సాహసమే. ఆ ఏడాదే వాళ్లు మారిషస్, బంగ్లాదేశ్ వంటి చోట్ల చిన్న అంతర్జాతీయ టోర్నీలు గెలిచారు. సాత్విక్‌కు అప్పుడు పదిహేను, పదహారేళ్లు. అవి చిన్న గెలుపులే. కానీ పైమెట్టు టోర్నీకి ఎంట్రీ పంపుకోవడానికి కావలసిన పాయింట్లు అక్కడినుంచే వచ్చాయి.

2018లో హైదరాబాద్ ఓపెన్ గెలిచారు. సూపర్ 100 స్థాయి టోర్నీ అది, వరల్డ్ టూర్‌లో వాళ్ల తొలి టైటిల్. అదే ఏడాది ఫ్రెంచ్ ఓపెన్ సూపర్ 750లో సెమీస్ దాకా వెళ్లి గిడియోన్, సుకముల్జోల చేతిలో ఓడారు. ఆ రెండు ఫలితాల్లో కప్పు తెచ్చింది మొదటిదే అయినా వాళ్ల ఆట స్థాయిని లోకానికి చాటింది రెండోది. సొంత ఊళ్లాంటి హైదరాబాద్‌లో గెలవడం వేరు, పారిస్‌లో ప్రపంచ అగ్రశ్రేణి మధ్య సెమీస్ దాకా నిలబడటం వేరు.

2019 ఆగస్టులో థాయిలాండ్ ఓపెన్ సూపర్ 500కి వెళ్లేటప్పుడు వాళ్ల ర్యాంకు 16. ఫైనల్లో ఎదురైంది 2018 ప్రపంచ ఛాంపియన్లు లీ జున్హుయ్, లియు యుచెన్. మూడు గేమ్‌ల పోరులో మనవాళ్లు గెలిచారు. ఆ స్థాయి టోర్నీలో భారత పురుషుల జోడీ టైటిల్ గెలవడం అదే మొదలు. ర్యాంకు ఒక్క ఊపులో 9కి వచ్చింది. అక్టోబరులో ఫ్రెంచ్ ఓపెన్‌లో అప్పటి ప్రపంచ ఛాంపియన్లు, ఇండోనేషియా ఆటగాళ్లు అహ్‌సాన్, సెటియవాన్‌లను ఓడించి ఫైనల్ చేరారు. ఫైనల్లో మళ్లీ గిడియోన్, సుకముల్జోలే అడ్డుపడ్డారు.

టోక్యోలో తైవాన్ జోడీ ఫైనల్లో ఓడించిన చైనావాళ్లు ఎవరో ఇప్పుడు చెప్పాలి. ఆ లీ, లియులే. ఒలింపిక్స్ బంగారు, వెండి పతకాలు పంచుకున్న రెండు జోడీలూ మనవాళ్లు అంతకుముందు ఓడించినవాళ్లే. పెద్ద టోర్నీలలో పెద్దవాళ్లతో ఆడుతూ రాకపోతే టోక్యోలో 27-25 దగ్గర చేయి వణికేది.

గట్టి ప్రత్యర్థితో ఆడటం అంటే ఓడటానికి సిద్ధపడటం. ఇది నోటితో అన్నంత తేలిక కాదు. మలేషియా జోడీ ఆరన్ చియా, సోహ్ వూయ్ యిక్‌లతో సాత్విక్, చిరాగ్‌ల లెక్క చూడండి. 2023 జూన్ దాకా ఎనిమిదిసార్లు తలపడితే ఎనిమిదిసార్లూ ఓటమే. 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల మిక్స్‌డ్ టీమ్ ఫైనల్లో వాళ్ల చేతిలోనే ఓడారు. అదే నెలలో టోక్యోలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ సెమీస్‌లో తొలి గేమ్ గెలిచి కూడా వాళ్లకే తలవంచారు. కాంస్యంతో సరిపెట్టుకున్నారు. పురుషుల డబుల్స్‌లో భారత్‌కు ప్రపంచ ఛాంపియన్‌షిప్ పతకం అదే తొలిది అయినా, గెలవదగ్గ మ్యాచ్ చేజారిన బాధ బాధే.

ఆ తర్వాత 2023 జూన్‌లో జకార్తాలో ఇండోనేషియా ఓపెన్ సూపర్ 1000 ఫైనల్. అవతల మళ్లీ చియా, సోహ్. 21-17, 21-18. తొమ్మిదోసారికి మనవాళ్లు గెలిచారు, అదీ సూపర్ 1000 కప్పు చేతికొచ్చే మ్యాచ్‌లో. సూపర్ 1000 గెలిచిన తొలి భారత డబుల్స్ జోడీ అయ్యారు. అక్టోబరులో హాంగ్‌జౌ ఆసియా క్రీడల సెమీస్‌లో అదే మలేషియా జోడీని మరింత తేలిగ్గా దాటి, ఫైనల్లో కొరియాను ఓడించి బంగారం తెచ్చారు. మూడు రోజులకే, అక్టోబరు 10న, ప్రపంచ నంబర్‌వన్ ర్యాంకు. భారత డబుల్స్ చరిత్రలో అంతవరకు ఎవరూ చేరని చోటు అది.

ఎనిమిది ఓటముల్లో ఏ ఒక్కటీ వృథా కాలేదని ఈ వరుస చెబుతుంది. పాయింట్ల పట్టిక ఓటమికి కొంత ఇచ్చింది. ప్రత్యర్థి సర్వీసు ఎటు వస్తుందో, ఒత్తిడిలో ఎవరు ముందు తడబడతారో ఆ ఓటములే నేర్పాయి.

అలాగని ఎప్పుడూ పెద్ద టోర్నీలే ఆడాలా? అదే 2023లో మరో ఘట్టం ఉంది. మార్చిలో ఆల్ ఇంగ్లండ్ రెండో రౌండ్లోనే చైనా జోడీ చేతిలో ఓడి వెనుదిరిగారు. వారం తిరక్కుండా స్విట్జర్లాండ్ వెళ్లి స్విస్ ఓపెన్ ఆడారు. అది సూపర్ 300, అంటే వాళ్ల స్థాయికి కొంత కింది మెట్టు. అక్కడ కప్పు గెలిచారు. ఏప్రిల్‌లో దుబాయ్‌లో ఆసియా ఛాంపియన్లయ్యారు. 1965లో దినేష్ ఖన్నా సింగిల్స్‌లో గెలిచాక ఆసియా టైటిల్ భారత్‌కు మళ్లీ వచ్చింది అప్పుడే. జూన్‌లో జకార్తా, జులైలో కొరియా ఓపెన్. తేలికపాటి టోర్నీకి కూడా ఒక వేళ ఉంటుంది. దెబ్బతిన్న నమ్మకాన్ని కూడదీసుకోవడానికి, గాయం తర్వాత ఒంటిని పరీక్షించుకోవడానికి అది పనికొస్తుంది. అదే అలవాటైతే మాత్రం బేలర్‌కు పట్టిన గతి పడుతుంది.

శిఖరానికి చేరాక మరో చిక్కు ఎదురవుతుంది. సింగిల్స్‌లో మొదటి 15 మంది, డబుల్స్‌లో మొదటి 10 జోడీలు పెద్ద టోర్నీలు తప్పనిసరిగా ఆడాలన్నది సమాఖ్య నియమం. సరైన కారణం లేకుండా మానేస్తే జరిమానా పడుతుంది. ఎవరితో ఆడాలో ఎంచుకునే వీలు కింద ఉన్నప్పుడే ఎక్కువ, పైకి వెళ్లేకొద్దీ తక్కువ. ఏడాది పొడవునా మలేషియా, ఇంగ్లండ్, ఇండోనేషియా, చైనా అంటూ విమానాల్లో తిరుగుతూ ప్రతి వారం అగ్రశ్రేణి ప్రత్యర్థిని ఎదుర్కోవాలి. సాత్విక్ ఒకప్పుడు అశ్విని పొన్నప్పతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ కూడా ఆడేవాడు. ఒకే టోర్నీలో రెండు విభాగాలంటే ఒంటి మీద రెండింతల భారం. తర్వాత పురుషుల డబుల్స్ మీదే నిలబడ్డాడు. అయినా భుజం గాయంతో 2024 ఏప్రిల్‌లో ఆసియా ఛాంపియన్‌షిప్ వదులుకోవలసి వచ్చింది. అది కిందటేడాది తామే గెలిచిన, నిలబెట్టుకోవలసిన టైటిల్.

శ్రీకాంత్ కథలో క్యాలెండర్ ఇంకా బాహాటంగా కనిపిస్తుంది.

1993 ఫిబ్రవరి 7న రావులపాలెంలో పుట్టి, గుంటూరులో పెరిగి, గోపీచంద్ దగ్గర రాటుదేలిన ఆటగాడు. 2014 నవంబరులో చైనా గడ్డ మీద, చైనా ఓపెన్ ఫైనల్లో, రెండుసార్లు ఒలింపిక్స్ విజేత అయిన లిన్ డాన్‌ను వరుస గేమ్‌లలో ఓడించాడు. 2017లో ఇండోనేషియా, ఆస్ట్రేలియా, డెన్మార్క్, ఫ్రాన్స్‌లలో నాలుగు సూపర్ సిరీస్ (వరల్డ్ టూర్‌కు ముందున్న పెద్ద టోర్నీలు) టైటిళ్లు గెలిచాడు. ఆస్ట్రేలియాలో ఫైనల్ గెలిచింది ఒలింపిక్స్ ఛాంపియన్ చెన్ లాంగ్ మీద. ఒక ఏడాదిలో అన్ని గెలిచిన భారత పురుషుడు అంతకుముందు లేడు.

2018 ఏప్రిల్ 12న ప్రపంచ నంబర్‌వన్ అయ్యాడు. ఆ వారం అతను ర్యాంకింగ్ టోర్నీ ఏదీ గెలవలేదు, కామన్వెల్త్ క్రీడల కోసం గోల్డ్‌కోస్ట్‌లో ఉన్నాడు. జరిగిందేమిటంటే, అప్పట్లో ఏప్రిల్‌లో జరిగే మలేషియా ఓపెన్‌ను ఆ ఏడాది కామన్వెల్త్ క్రీడల వల్ల జూన్‌కు జరిపారు. అప్పటికి నంబర్‌వన్‌గా ఉన్న డెన్మార్క్ ఆటగాడు విక్టర్ అక్సెల్సన్‌కు కిందటేడాది మలేషియాలో వచ్చిన పాయింట్లకు 52 వారాలు నిండాయి. అవి ఖాతాలోంచి పోయాయి, వాటి చోట కొత్తవి రాలేదు. శ్రీకాంత్ ముందుకొచ్చాడు. ఇందులో శ్రీకాంత్ గొప్పతనం ఇసుమంతైనా తగ్గదు. నాలుగు సూపర్ సిరీస్‌లు గెలవకపోతే అక్సెల్సన్‌కు అంత దగ్గరగా ఉండేవాడే కాదు. కానీ తేదీలు జరగడం వల్ల కిరీటం ఒక వారం ఇటు వచ్చిందన్నది నిజం. ఆ వారం ముగిశాక మళ్లీ చేతులు మారింది.

మూడేళ్ల తర్వాత అదే క్యాలెండర్ అతని మీద నిర్దయగా తిరగబడింది. టోక్యో ఒలింపిక్స్‌కు ఒక దేశం నుంచి సింగిల్స్‌లో ఇద్దరు వెళ్లాలంటే ఇద్దరూ అర్హత జాబితాలో మొదటి 16 స్థానాల్లో ఉండాలి. మరో భారత ఆటగాడు సాయి ప్రణీత్ అందులో ఉన్నాడు. శ్రీకాంత్ కాస్త వెనకబడ్డాడు. అందుకోవడానికి 2021 మే, జూన్‌లలో మూడు టోర్నీలు మిగిలాయి. అవి ఇండియా ఓపెన్, మలేషియా ఓపెన్, సింగపూర్ ఓపెన్. కోవిడ్ రెండో అల ముంచెత్తడంతో మూడూ ఒకదాని వెనక ఒకటి వాయిదా పడటమో రద్దవడమో జరిగింది. ఇక అర్హత టోర్నీలు లేవని సమాఖ్య ప్రకటించింది. రాకెట్ పట్టుకోకుండానే శ్రీకాంత్ ఒలింపిక్స్‌కు దూరమయ్యాడు. సైనా నెహ్వాల్‌దీ అదే పరిస్థితి.

ఆ ఏడాది డిసెంబరులోనే స్పెయిన్‌లోని హుయెల్వాలో శ్రీకాంత్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్ ఆడాడు. భారత పురుషుల్లో ఆ ఫైనల్ చేరిన మొదటివాడు. సింగపూర్ ఆటగాడు లో కీన్ యూ చేతిలో ఓడి వెండి పతకం అందుకున్నాడు. ఒలింపిక్స్‌కు తగని ఆటగాడని పట్టిక తేల్చిన మనిషి, పోటీ దొరికాక ప్రపంచంలో రెండోవాడని తేలింది. ఆడే అవకాశానికి ఉన్న విలువ ఏమిటో ఈ ఒక్క ఏడాది చూపించింది.

2022 మే 15న బ్యాంకాక్‌లో ఈ రెండు దారులూ కలిశాయి. పురుషుల జట్ల పోటీ అయిన థామస్ కప్ ఫైనల్. అవతల 14 సార్లు ఛాంపియన్ అయిన ఇండోనేషియా. సింగిల్స్ ఆటగాడు లక్ష్యసేన్ తొలి మ్యాచ్ గెలిచాడు. రెండో మ్యాచ్‌లో సాత్విక్, చిరాగ్‌లు తొలి గేమ్ ఓడి, ఓటమి అంచు నుంచి బయటపడి అహ్‌సాన్, సుకముల్జోలను ఓడించారు. మూడో మ్యాచ్‌లో శ్రీకాంత్ జొనాథన్ క్రిస్టీని వరుస గేమ్‌లలో ఓడించి కప్పు ఖాయం చేశాడు. అమలాపురం, రావులపాలెం. ఈ రెండు ఊళ్లలో పుట్టినవాళ్లు గెలిపించిన మ్యాచ్‌లతో భారత్ తొలిసారి థామస్ కప్ అందుకుంది.

ఇంత చెప్పాక కోనసీమ వైపు చూడకుండా ఉండలేం. అమలాపురంలోనో రాజోలులోనో కొత్తపేటలోనో పన్నెండేళ్ల పిల్లవాడు రాకెట్ పట్టాడనుకుందాం. ఊళ్లో ఓ ఇండోర్ కోర్టు ఉండొచ్చు. పొద్దున్నే పెద్దవాళ్లు ఆడతారు, సాయంత్రం పిల్లలు. ఆరు నెలల్లో అక్కడున్న అందరినీ ఓడిస్తాడు. మండల పోటీలు గెలుస్తాడు, జిల్లా పోటీలు గెలుస్తాడు. ఇంటి నిండా షీల్డులు. 2022 ఏప్రిల్‌లో తూర్పు గోదావరి నుంచి విడిపడి కోనసీమ వేరే జిల్లా అయింది. పోటీలు కొత్త జిల్లాలవారీగా జరిగితే జిల్లా ఛాంపియన్ అనిపించుకోవడానికి దాటవలసిన ప్రత్యర్థుల సంఖ్య కూడా తగ్గుతుంది. ఒకప్పుడు ఆ పిల్లవాడు జిల్లా స్థాయిలోనే రాజమండ్రి, కాకినాడ పిల్లలను ఎదుర్కొనేవాడు. అలాంటప్పుడు వాళ్లు ఎదురయ్యేది రాష్ట్ర పోటీల్లోనే. కొత్త జిల్లా వల్ల ఎక్కువమంది పిల్లలకు రాష్ట్ర పోటీలకు వెళ్లే చోటు దొరుకుతుంది, అది మంచిదే. కానీ అక్కడికి వెళ్లేలోపు గట్టి దెబ్బ తగలని పిల్లవాడు తొలి రౌండ్లోనే బిత్తరపోతాడు.

బయటికి వెళ్లడం కూడా ఇక్కడ తేలిక కాదు. గౌతమి, వశిష్ఠ పాయల మధ్య ఉన్న ఈ నేలకు, జిల్లా కేంద్రమైన అమలాపురానికి, నేటికీ రైలు లేదు. కోటిపల్లి, నరసాపురం మధ్య రైలు మార్గం మంజూరై పాతికేళ్లు దాటుతున్నా పూర్తి కాలేదు. విజయవాడలోనో హైదరాబాద్‌లోనో టోర్నీ ఉంటే తండ్రో తల్లో పని మానుకుని, పిల్లవాడిని బస్సెక్కించి రాజమండ్రి చేర్చి, అక్కడ రైలు పట్టుకోవాలి. బస, భోజనం, ఎంట్రీ ఫీజు, ఈక షటిల్ డబ్బాలు. ఒక రౌండ్ ఆడి ఓడి వచ్చేదానికి ఇంత ఖర్చెందుకని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. ఆ మాట అనేవాళ్ల ఇబ్బంది నిజమైనదే. కానీ ఆ ఒక్క రౌండే ఊళ్లో గెలిచిన పది షీల్డుల కన్నా ఎక్కువ నేర్పుతుంది. ప్రపంచ సమాఖ్య తన పాయింట్ల పట్టికలో రాసుకున్నదీ ఇదే.

ఖర్చు తగ్గించే దారులు లేకపోలేదు. పిల్లవాడు వెళ్లలేకపోతే గట్టి ప్రత్యర్థినే ఇక్కడికి రప్పించవచ్చు. కాకినాడ, రాజమండ్రి, భీమవరం ఏవీ అందని దూరాలు కావు. అక్కడి క్లబ్బుల పిల్లలతో ఏడాదికి కొన్నిసార్లు అమలాపురంలోనో కొత్తపేటలోనో స్నేహపూర్వక పోటీలు పెడితే, ఒక్క కుటుంబం పెట్టే ఖర్చుతో పదిమంది పిల్లలకు మేలు జరుగుతుంది. పదమూడేళ్ల పిల్లవాడిని పదిహేనేళ్ల విభాగంలో కొన్ని మ్యాచ్‌లు ఆడించవచ్చు. కోచ్‌కు తెలివి కావలసింది ఎప్పుడు గట్టివాళ్ల మీదికి పంపాలి, ఎప్పుడు నాలుగు గెలుపులతో ధైర్యం నింపాలి అన్న దగ్గర. స్విస్ ఓపెన్ లేకుండా ఇండోనేషియా ఓపెన్ లేదు, ఎనిమిది ఓటములు లేకుండా కూడా లేదు.

సాత్విక్, చిరాగ్‌లు 2024 పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్స్‌లో మళ్లీ చియా, సోహ్‌ల చేతిలోనే ఓడారు. తొలి గేమ్ గెలిచి, తర్వాతి రెండూ పోగొట్టుకున్నారు. ఏడాది తర్వాత, 2025 ఆగస్టులో, అదే పారిస్‌లో, అదే స్టేడియంలో, ప్రపంచ ఛాంపియన్‌షిప్ క్వార్టర్స్‌లో మళ్లీ అదే జోడీ ఎదురైంది. ఈసారి 21-12, 21-19తో గెలిచి రెండో ప్రపంచ కాంస్యం ఖాయం చేసుకున్నారు.

కోనసీమ క్రీడా సంఘాలకు, వ్యాయామ ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు చేసే మనవి ఒకటే. వచ్చే ఏడాదికి పిల్లల పోటీల పట్టిక వేసేటప్పుడు గెలుపు ఖాయమైన టోర్నీలతోనే దాన్ని నింపవద్దు. ఓడే అవకాశం ఎక్కువగా ఉన్న టోర్నీలు కొన్ని వెతికి, తేదీలు రాసుకుని, వాటికి కావలసిన బస్సు చార్జీలు ఇప్పటినుంచే పక్కన పెట్టండి.